గోటి కొనపై వేగం, కచ్చితత్వం: సంకర పత్తి విత్తనోత్పత్తిలో చేతి కదలికల శాస్త్రం

సంకర పత్తి విత్తన క్షేత్రంలో మధ్యాహ్నం దాటిన తరువాత అసలు పని మొదలవుతుంది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తించి, ఎడమచేతితో దాని మొదలు పట్టుకొని, కుడిచేతి బొటనవేలి గోటిని ఆకర్షక పత్రాల అడుగున దింపి, చుట్టూ తిప్పి, పూరేకులతో పాటు కేసరనాళాన్ని ఒక్కసారిగా ఊడదీస్తారు. కీలం, కీలాగ్రం, అండాశయం మాత్రమే మిగులుతాయి. దీనినే విపుంసీకరణ అంటారు. చూసేవారికి ఇది రెప్పపాటు పని. అయితే ఆ రెప్పపాటులోనే విత్తనపు జన్యు స్వచ్ఛత, కాయ నిలవడం, రైతు ఆదాయం ముడిపడి ఉన్నాయి.

ప్రపంచంలో వాణిజ్య స్థాయిలో సాగైన తొలి పత్తి సంకరం హెచ్-4. డాక్టర్ సి.టి. పటేల్ గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి 1970లో దానిని అందించారు. అది మొదలు భారతదేశంలో సంకర పత్తి విత్తనోత్పత్తి ప్రధానంగా చేతి పనిపైనే ఆధారపడి సాగుతోంది. తెలంగాణలో గద్వాల ప్రాంతం, ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, నంద్యాల ప్రాంతాలు ఈ 'సీడు పత్తి' సాగుకు పేరుపొందాయి. ఇంత విస్తారమైన పనిలో నిత్యం వినిపించే మాట ఒక్కటే: 'త్వరగా చేయండి, జాగ్రత్తగా చేయండి'. ఈ రెండు కోరికలు ఒకే చేతి కదలికలో ఎంతవరకు ఇముడుతాయనే ప్రశ్నకు మానవ చలన శాస్త్రం నూరేళ్లకు పైబడిన ప్రయోగాలతో సమాధానం చెప్పింది. విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణలో చెప్పే సలహాలకు ఆ సమాధానం బలమైన ఆధారం కాగలదు.

గురి తప్పితే జరిగేది

గోరు దిగవలసిన చోటు కొద్ది మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే. గోరు ఆ పట్టీకి పైన పడితే కేసరనాళం అడుగు భాగం తెగకుండా మిగిలి, దానిని అంటిపెట్టుకొని కొన్ని పరాగకోశాలు ఉండిపోతాయి. అవి మరునాడు పగిలి, అదే పువ్వు కీలాగ్రంపై పుప్పొడి రాలుస్తాయి. ఫలితం ఆత్మ పరాగ సంపర్కం. గోరు పట్టీకి దిగువన, లోతుగా పడితే అండాశయం పైపొర గాయపడుతుంది. అటువంటి పిందె కొన్ని రోజుల్లో రాలిపోవచ్చు, లేదా కాయ వంకర తిరిగి గింజలు తగ్గవచ్చు. అంటే గురి ఒకవైపు తప్పితే స్వచ్ఛతకు నష్టం, మరొకవైపు తప్పితే దిగుబడికి నష్టం.

సంకర పత్తి విత్తనానికి కనీస జన్యు స్వచ్ఛత 90 శాతం ఉండాలని భారత కనీస విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ప్రతి కాయలో గింజల సంఖ్య సమానమనుకుంటే, నూరు కాయల్లో పది కాయలు పూర్తిగా ఆత్మ పరాగ సంపర్కంతో ఏర్పడినా ఆ విత్తన రాశి హద్దు రేఖపై నిలుస్తుంది. పదకొండవ కాయతో రాశి మొత్తం తిరస్కరణకు గురవుతుంది. మిగిలిన ఎనభై తొమ్మిది కాయల్లోని శ్రమ కూడా దానితోనే పోతుంది. గ్రోఅవుట్ పరీక్ష ఫలితం వచ్చేది పంట చేతికొచ్చాకనే కాబట్టి, అప్పటికి తప్పు ఏ చేతిది, ఏ సాయంత్రంది అని తెలుసుకునే మార్గం మిగలదు.

వుడ్‌వర్త్ పెన్సిలు, ఫిట్స్ లోహపు పుల్ల

ఈ శాస్త్రానికి 1899లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్‌వర్త్ పునాది వేశారు. తిరుగుతున్న డోలుపై చుట్టిన కాగితం మీద, మెట్రోనోమ్ తాళానికి అనుగుణంగా, నిర్ణీత పొడవు గల గీతలు గీయమని ఆయన కోరారు. ఒకసారి కళ్లు తెరిచి, మరొకసారి కళ్లు మూసి గీయించారు. నిదానంగా గీసినప్పుడు కళ్లు తెరిచిన వారి గీతలు చాలా కచ్చితంగా వచ్చాయి. వేగం నిమిషానికి సుమారు 140 కదలికలకు చేరేసరికి ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. కళ్లు తెరిచి ఉన్నా మూసుకున్నట్టే అయింది.

దీని నుంచి వుడ్‌వర్త్ ఒక కదలికను రెండు దశలుగా విడదీశారు. మొదటిది చేతిని లక్ష్యం దరిదాపులకు చేర్చే తొలి ఊపు. రెండవది కంటి సాయంతో చివరి క్షణంలో జరిగే సవరణ. తొందరలో మొదట కరిగిపోయేది ఈ రెండవ దశ. స్టీవెన్ కీల్, మైకేల్ పోస్నర్ 1968లో కదలిక మధ్యలో దీపం ఆర్పి చేసిన ప్రయోగంలో, కంటికి కనిపించిన దానిని బట్టి కదలికను దిద్దుకోవడానికి సుమారు 190 నుంచి 260 మిల్లీసెకన్లు పడుతుందని అంచనా వేశారు. అంతకన్నా తక్కువ కాలంలో ముగిసే కదలికను కన్ను దిద్దలేదు.

ఈ అవగాహనను ఒక సూత్రంగా మలచినవారు పాల్ ఫిట్స్. ఆయన 1954లో ప్రచురించిన ప్రయోగంలో పదహారు మంది యువకులు రెండు లోహపు పలకలను లోహపు పుల్లతో ఒకదాని తరువాత ఒకటిగా వీలైనంత వేగంగా తాకాలి. అయితే వేగం కన్నా కచ్చితత్వానికే ప్రాధాన్యం ఇవ్వాలని వారికి ముందే చెప్పారు. పలక వెడల్పు 2 అంగుళాల నుంచి పావు అంగుళం వరకు, పలకల మధ్య దూరం 2 నుంచి 16 అంగుళాల వరకు మారుతూ వచ్చాయి.

దూరం రెట్టింపైతే పని ఒక మెట్టు కఠినమవుతుంది. వెడల్పు సగమైనా సరిగ్గా ఒక మెట్టే కఠినమవుతుంది. ఈ మెట్లను ఫిట్స్ కాఠిన్య సూచి అన్నారు. క్లాడ్ షానన్ 1948లో రూపొందించిన సమాచార సిద్ధాంతం నుంచి తీసుకున్న 'బిట్' దీనికి ప్రమాణం. సూత్రం ఇది:

కాఠిన్య సూచి = 2 ఆధారంగా లాగరిథమ్ (2 × దూరం ÷ వెడల్పు)

కదలిక కాలం = క + ఖ × కాఠిన్య సూచి

ఇందులో 'క', 'ఖ' అనేవి మనిషిని, పనిముట్టును, పరిస్థితిని బట్టి మారే స్థిరాంకాలు.

తేలికైన పుల్లతో లభించిన సగటు కాలాలను చూస్తే సూత్రం బలం తెలుస్తుంది. 2 అంగుళాల దూరంలో పావు అంగుళం పలకకు 0.392 సెకను పట్టింది. 4 అంగుళాల దూరంలో అర అంగుళం పలకకు 0.372, 8 అంగుళాల దూరంలో అంగుళం పలకకు 0.357, 16 అంగుళాల దూరంలో 2 అంగుళాల పలకకు 0.388 సెకను పట్టింది. దూరం ఎనిమిది రెట్లు పెరిగినా కాలం దాదాపు మారలేదు, ఎందుకంటే నాలుగింటికీ కాఠిన్య సూచి 4. సూచి 5కు చేరినప్పుడు కాలం 0.47 నుంచి 0.48 సెకనుకు పెరిగింది. ఒక మెట్టు కాఠిన్యానికి చేతి నుంచి వసూలైన సుంకం సుమారు సెకనులో పదో వంతు.

ఆ సుంకం చెల్లించకుండా తప్పించుకునే దారి లేదు. కాలం తగ్గిస్తే గోరు పడే చోటు చెదురుతుంది. రిచర్డ్ ష్మిట్, ఆయన సహచరులు 1979లో వేగం పెరిగిన కొద్దీ చేరే బిందువుల చెదురుబాటు కూడా పెరుగుతుందని చూపారు. క్రిస్టఫర్ హారిస్, డేనియల్ వోల్పర్ట్ 1998లో దీనికి నాడీ మూలాన్ని ప్రతిపాదించారు. కండరానికి అందే ఆదేశం ఎంత బలంగా ఉంటే దానిలోని అస్థిరత అంత హెచ్చుతుంది. వేగమైన కదలికకు బలమైన ఆదేశం కావాలి కనుక, గురి తప్పడం నిర్లక్ష్యం కాదు, శరీర ధర్మం.

తొందర వల్ల మిగిలేది ఎంత?

ఈ లెక్కలను మొగ్గ దగ్గరకు తెస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఒక కూలీ ఒక సాయంత్రం వెయ్యి మొగ్గలు గిల్లినట్టు భావిద్దాం. గోటిని గురిచూసి దింపే కదలికలో ప్రతి మొగ్గ దగ్గర పావు సెకను ఆదా చేసినా మొత్తం మిగిలేది 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలకు కొద్దిగా ఎక్కువ. అదే పావు సెకను కంటి సవరణకు అవసరమైన వ్యవధి కూడా. దానిని కోసేస్తే పోయేది వుడ్‌వర్త్ చెప్పిన రెండవ దశ మొత్తం. నాలుగు నిమిషాల కోసం వెయ్యి మొగ్గల గురిని పణంగా పెట్టడం ఏ విధంగా చూసినా నష్టపు బేరమే.

సాయంత్రపు పనిలో ఎక్కువ కాలం మింగేవి వేరే ఉన్నాయి. మొక్క నుంచి మొక్కకు నడక, ఆకుల మాటున సరైన మొగ్గను వెతకడం, వంగి లేవడం, గుర్తుగా రంగు కాగితపు సంచి తొడగడం లేదా దారం కట్టడం వాటిలో ముఖ్యమైనవి. ఇవి పెద్ద లక్ష్యాలు గల కదలికలు. వీటిలో వేగం పెంచితే కచ్చితత్వానికి కలిగే హాని తక్కువ. కాబట్టి 'త్వరగా చేయండి' అనే సలహా మొత్తం పనికి ఒకే రీతిగా వర్తించరాదు. మొగ్గ నుంచి మొగ్గకు వేగం, మొగ్గ వద్ద నిదానం అన్నదే శాస్త్ర సమ్మతమైన నియమం.

తప్పు మనిషిదా, పనిదా?

ఫిట్స్ సూత్రానికి ముందు నాటి ఆయన కృషి కూడా విస్తరణ రంగానికి ఒక పాఠం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1947లో ఫిట్స్, రిచర్డ్ జోన్స్ కలిసి, విమాన నియంత్రికలను వాడటంలో 'పైలట్ తప్పిదాలు'గా నమోదైన 460 అనుభవాలను విశ్లేషించారు. ఒక మీట బదులు మరొక మీటను పట్టుకోవడం వంటి పొరపాట్లు వాటిలో అధికంగా కనిపించాయి. మీటల అమరిక, ఆకృతి సరిచేస్తే వాటిలో చాలా వరకు నివారించవచ్చని వారు తేల్చారు. మనిషిని మందలించే ముందు పని అమరికను పరీక్షించాలన్నది ఆ నివేదిక సారం.

పత్తి క్షేత్రంలోనూ కాఠిన్య సూచిలోని రెండు రాశులు, అంటే దూరం, వెడల్పు, మార్చదగినవే. ఊగుతున్న మొగ్గకు లక్ష్యపు వెడల్పు కొలతలో ఎంత ఉన్నా ఆచరణలో ఇరుకవుతుంది. ఎడమచేతి వేళ్లతో మొగ్గ మొదలును స్థిరంగా పట్టి, కుడిచేతి వేలిని ఎడమచేతికి ఆనించి గోటిని దింపితే ఆ వెడల్పు తిరిగి దక్కుతుంది. పైగా చేయి మొత్తం ఊపే బదులు మణికట్టు, వేళ్లతోనే కదలిక పూర్తవుతుంది. సూక్ష్మదర్శిని కింద చేసే పనులపై 1976లో లాంగాల్ఫ్, చాఫిన్, ఫౌల్క్ జరిపిన పరిశోధనలో, ఒక్కో మెట్టు కాఠిన్యానికి వేళ్లు, మణికట్టు చెల్లించే కాలం చేయి చెల్లించే దానికన్నా తక్కువని తేలింది.

ఉదయపు పరాగ సంపర్కంలోనూ ఇదే వర్తిస్తుంది. మగ పువ్వులను గట్టున గంపలో ఉంచి అటూ ఇటూ తిరగడం కన్నా నడుముకు కట్టిన సంచిలో ఉంచుకుంటే దూరం తగ్గుతుంది. దూరం సగమైన ప్రతిసారీ ఒక మెట్టు కాఠిన్యం తగ్గుతుంది. ఇక్కడ ఆదా అయిన కాలాన్ని కీలాగ్రం నలువైపులా పుప్పొడి అంటేలా చూడటానికి వెచ్చించవచ్చు.

వెలుతురు కూడా పని అమరికలో భాగమే. పొద్దు వాలి కన్ను సరిగా కనిపెట్టలేని వేళ సవరణ దశ ఉన్నా లేనట్టే. మిగిలిన మొగ్గలను మసక చీకట్లో హడావిడిగా గిల్లించడం కన్నా పనిని ముందుగా ఆరంభించడం లేదా మనుషులను పెంచడం మేలు. అప్పటికీ మిగిలిపోయిన మొగ్గలను తుంచివేయడం వల్ల ఆ కాయలు పోతాయేమో కానీ రాశి స్వచ్ఛత దక్కుతుంది.

'చిన్న వేళ్ల' వాదం

సంకర పత్తి విత్తనోత్పత్తిపై దశాబ్దాలుగా ఒక మచ్చ ఉంది. సున్నితమైన మొగ్గలకు చిన్నపిల్లల వేళ్లే అనువైనవని చెప్పి, బడి వయసు బాలికలను ఈ పనిలోకి దించిన చరిత్ర అది. తక్కువ కూలి, ముందస్తు అప్పులు ఆ వాదం వెనుక ఉన్న అసలు కారణాలు. చలన శాస్త్రం కూడా ఈ వాదాన్ని సమర్థించదు. వేర్వేరు వయసుల పిల్లలకు ఫిట్స్ తరహా పరీక్షలు పెట్టిన పరిశోధనల్లో, ఒకే కాఠిన్యం గల పనికి చిన్న వయసు వారికి పెద్దల కన్నా ఎక్కువ కాలం పట్టింది; వయసుతో పాటు ఆ కాలం తగ్గుతూ వచ్చింది. గురి కుదిరేది వేలి పరిమాణం వల్ల కాదు, పరిణతి చెందిన నాడీ నియంత్రణ వల్ల, సాధన వల్ల.

బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 సంవత్సరాల లోపు పిల్లలను ఏ పనిలోనూ నియమించరాదని నిషేధించింది. బడి వేళల తరువాత సొంత కుటుంబ వృత్తిలో సాయపడటానికి పరిమితమైన మినహాయింపు ఇచ్చింది. విస్తరణ సిబ్బంది చట్టాన్ని గుర్తుచేయడంతో పాటు, 'చిన్న వేళ్లు' అనే మాటకు శాస్త్రీయ ఆధారం లేదని కూడా రైతులకు వివరించాలి.

ఫలితం తెలియని చేయి నేర్చుకోదు

ట్రోబ్రిడ్జ్, కేసన్ 1932లో కళ్లకు గంతలు కట్టిన విద్యార్థులతో మూడు అంగుళాల గీతలు గీయించారు. ఎంత తప్పారో కొలతతో సహా చెప్పినప్పుడు గీతలు వేగంగా మెరుగయ్యాయి. ఏమీ చెప్పని వారి గీతలు ఎన్నిసార్లు గీసినా బాగుపడలేదు. పత్తి క్షేత్రంలో కూలీ పరిస్థితి ఆ రెండవ గుంపుదే. గోరు లోతుగా దిగిన సంగతి పిందె రాలినప్పుడు, పైన పడిన సంగతి గ్రోఅవుట్ పరీక్షలో బయటపడతాయి. అప్పటికి ఆ చేయి వేల మొగ్గలు దాటి ఉంటుంది.

దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. మరునాటి ఉదయం పుప్పొడి అద్దే ముందు, ఒక్కో కూలీ వరుసలో కొన్ని సంచులను తీసి, మిగిలిన పరాగకోశాలు, అండాశయంపై గోటి గాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఆ మనిషికే చూపాలి. పైకి తప్పిందా, కిందికి తప్పిందా అన్నది చెప్పడం ముఖ్యం. ఎందుకంటే దిద్దుబాటుకు దిశ కావాలి. ఇది తప్పుపట్టే తనిఖీగా కాక, అదే రోజు సాయంత్రానికి ఉపయోగపడే పాఠంగా సాగాలి.

కూలి లెక్క కూడా ఇదే కోణంలో పరిశీలించదగినది. గిల్లిన మొగ్గల సంఖ్యకు మాత్రమే కూలి కడితే, ఫిట్స్ చెప్పిన సుంకాన్ని ఎగ్గొట్టమని కూలీని ప్రోత్సహించినట్టే. ఆ ఎగవేత భారం చివరికి రైతుపై పడుతుంది. నిలిచిన కాయలకు, ఉదయపు పరిశీలనలో తేలిన నాణ్యతకు కూలిలో కొంత వాటా కల్పిస్తే ఇద్దరి ప్రయోజనం ఒకే దిశలో నడుస్తుంది.

సూత్రం హద్దులు, పరిశోధనకు అవకాశం

ఫిట్స్ పలకలు కదలవు. మొగ్గ గాలికి ఊగుతుంది. పలక కంటికి పూర్తిగా కనిపిస్తుంది. మొగ్గను పట్టుకున్న వేళ్లే దానిని కొంత కప్పేస్తాయి. గోటిని దింపాక తిప్పి ఊడదీయడంలో గురి కన్నా బలం, స్పర్శ ప్రధానం. గమనించకుండా వదిలేసిన మొగ్గ మరునాడు పూసి స్వచ్ఛతను చెడగొట్టినా అది వెతకడంలోని లోపం, గురిలోని లోపం కాదు. కాబట్టి ప్రయోగశాల అంకెలను యథాతథంగా చేనుకు అన్వయించడం తగదు. అవి చూపే దిశ మాత్రం చేనులోనూ చెల్లుతుంది.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో సులభంగా చేపట్టదగిన పరిశోధనాంశాలు ఉన్నాయి. కూలీలకు మూడు రకాల సూచనలు ఇవ్వవచ్చు: వేగం ముఖ్యం, కచ్చితత్వం ముఖ్యం, రెండూ సమానం. వీడియో ద్వారా కదలిక కాలాన్ని, మొగ్గలపై గోటి గాటు స్థానాన్ని కొలవవచ్చు. గాట్ల చెదురుబాటు నుంచి లక్ష్యపు వాస్తవ వెడల్పును లెక్కించే పద్ధతి ఇప్పటికే ఉంది. చెదురుబాటు సాధారణ విభజనను పాటిస్తే, ప్రామాణిక విచలనానికి 4.13 రెట్లు తీసుకున్న వెడల్పులో సుమారు 96 శాతం గాట్లు పడతాయి. ఆ వెడల్పును గోరు దిగవలసిన సురక్షిత పట్టీతో పోల్చితే, ఏ వేగం వరకు పని భద్రమో తేలుతుంది. టమాట, వంగ, మిరప సంకర విత్తనోత్పత్తిలో పట్టకారుతో చేసే విపుంసీకరణకు కూడా ఇదే కొలమానం సరిపోతుంది.

నిదానమే ప్రధానమని తెలుగువారి మాట. ఆ నిదానం ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో విడదీసి చూపడం చలన శాస్త్రం చేసిన మేలు. సాయంత్రం మొత్తం మీద నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకునే చేతిని మందకొడిదిగా కాక, విత్తన రాశిని కాపాడే చేతిగా రైతు గుర్తించినప్పుడు ఆ మేలు చేనుకు చేరినట్టు.